పదిహేనో క్లబ్బు

గోల్ఫ్ ప్రశాంతమైన ఆట అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పచ్చగడ్డి, నీటి గుంట, తెల్ల టోపీలు, చప్పట్లు కూడా మెల్లగా కొట్టే మనుషులు. చూసేవాళ్ళకు అదంతా విహారయాత్రలాగే కనిపిస్తుంది. ఆడేవాళ్ళ అవస్థ వాళ్ళకేం తెలుసు? పోటీ ఉన్న పొద్దున నాకు ఒక్క ఇడ్లీ ముక్క గొంతు దిగదు. దిగిందా, మొదటి బంతి కొట్టేలోపే బయటికి వచ్చేస్తుంది. మిగతా ఆటల్లో బంతి మన మీదికి దూసుకొస్తుంది, ఆలోచించే సందుండదు. ఇక్కడ బంతి కదలకుండా కూర్చుని, మనం కొట్టేదాకా మనల్నే చూస్తుంది. ఆ కాసేపట్లో బుర్ర చేసే పాడుపనులు అన్నీ ఇన్నీ కావు.

నా జబ్బు చిన్న పట్లు, అంటే బంతిని గుంతలోకి మెల్లగా తోసే దెబ్బలు. ఇసుక గుంటలోంచి బంతిని తీస్తాను, చెట్ల కిందినుంచి తప్పిస్తాను, గాలికి ఎదురు కొడతాను. తీరా బంతి గుంతకు మూడడుగుల దూరంలో, ఊరికే తోస్తే పడిపోయే చోట ఆగిందంటే మాత్రం నా కుడి చెయ్యి నాది కాకుండా పోతుంది. తోసే క్షణంలో మణికట్టు ఉలిక్కిపడుతుంది. బంతి గుంత అంచును రాసుకుని పక్కకు పోతుంది. ఊపిరి లెక్కపెట్టుకోమని కోచ్ చెప్పాడు. లెక్కపెట్టుకుంటూనే తప్పేదాన్ని. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. దగ్గు వచ్చింది తప్ప చెయ్యి మారలేదు.

మా నాయిన షామీర్‌పేట వైపున్న ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి కోసే యంత్రాలు బాగుచేసే మెకానిక్. మేముండేది సూరారంలో. అక్కడ పనిచేసేవాళ్ళ పిల్లలు పొద్దుగూకే వేళ ఒక మూలన ఆడుకుంటే ఎవరూ కాదనేవాళ్ళు కారు. ఎవరో పారేసిన ఇనుప క్లబ్బును, అంటే బంతి కొట్టే కర్రను, నాయిన నా ఎత్తుకు సరిపడా కోసి, పట్టుకునేచోట సైకిల్ ట్యూబు చుట్టి ఇచ్చాడు. నా ఆట దానితో మొదలైంది. తర్వాత చిన్న పోటీలు, కప్పులు, ఒకసారి పేపర్లో ఫోటో. అప్పటిదాకా సరదాగానే ఉంది. పెద్ద పోటీల్లోకి వెళ్ళాలనుకున్నాకే నా బతుకు పరేషాన్ అయింది.

పెద్ద పోటీలు ఆడాలంటే కార్డు కావాలి. కార్డంటే ఏడాది పాటు దేశంలో ఎక్కడ పోటీ జరిగినా నేరుగా వెళ్ళి ఆడే హక్కు. దానికోసం ఏడాదికొకసారి నాలుగు రోజుల అర్హత పోటీ పెడతారు. నాలుగు రోజుల్లో కొట్టిన దెబ్బలన్నీ కూడితే ఎవరివి తక్కువైతే వాళ్ళు పైన. మొదటి ముప్పై మందికి కార్డు. ముప్పై ఒకటో మనిషికి ఏమీ లేదు, ఇంటికి పోవడమే. అంతకు ముందు రెండుసార్లు నేను ఆ గీతకు కిందే మిగిలిపోయాను. ఈసారి కూడా రాకపోతే మేడ్చల్‌లో ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేరిపోతానని అమ్మకు మాటిచ్చాను. ఆ ఉద్యోగం తక్కువని కాదు. అందులో చేరానంటే మళ్ళీ క్లబ్బు పట్టుకోనని నాకు తెలుసు. అందుకే ఆ మూడోసారి పోటీ నాకు ప్రాణం మీదికి వచ్చింది.

ఆ ఏడాది పోటీ మా నాయిన పనిచేసే కోర్సులోనే పడింది. "ఇగ నీకేంది, నీ ఇంటి గడ్డే గదా!" అని బస్తీలో అందరూ అన్నారు. నాకు ఆ మాటే భయం. తెలియని చోట ఓడిపోతే చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంటి గడ్డ మీద ఓడిపోతే ఏం చెప్పాలి? నాయిన సెలవు పెట్టి నాకు కాడీగా వచ్చాడు. కాడీ అంటే బ్యాగు మోసేవాడు. క్లబ్బు అందించాలి, దూరం చెప్పాలి, గాలి చూడాలి, ఆడేవాళ్ళ తిక్క భరించాలి. ఆ చివరి పనిలో మా నాయినను మించినవాడు లేడు. తప్పు కొట్టి నేను క్లబ్బు విసిరేస్తే, ఏమీ ఎరగనట్టు పోయి తెచ్చి, తుడిచి పెట్టేవాడు.

మూడో రోజు దసరా పడింది. ఆట ముగిసేసరికి నేను గీతకు ఐదు దెబ్బలు పైన ఉన్నాను. ఐదు దెబ్బలంటే మంచి వెసులుబాటే. మామూలు మనిషైతే ఆ సాయంత్రం నవ్వుతూ పండుగ చేసుకునేది. నేను నాయిన బండి వెనక, బ్యాగును ఇద్దరి మధ్య అడ్డంగా పెట్టుకుని కూర్చుని, ఆ ఐదూ ఎక్కడెక్కడ పోగొట్టుకోగలనో కొంపల్లి దాటేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ పూజకు అన్నీ సిద్ధం చేసి ఉంచింది. దసరా నాడు పనిముట్లకు బొట్టు పెట్టకపోతే మా ఇంట్లో అది పండుగే కాదు. నాయిన పానాలు, సుత్తులు, అమ్మ కుట్టుమిషను, కత్తిపీట, అన్నీ కడిగి పసుపు కుంకుమలతో వరసగా ఉన్నాయి.

"గా కట్టెలు కూడ ఇట్ల తియ్యి," అంది అమ్మ నా బ్యాగు చూసి.

"రేపు ఆటున్నదమ్మా. వాటిని కదిలియ్యకు."

"పండుగ పూట పూజ లేకుంటనే రేపు పట్టుకపోతవా? మీ నాయిన పానాలకు బొట్టు పెడితిమి. నీ కట్టెలేం పాపం జేసినయ్?"

క్లబ్బులన్నీ చాప మీదికొచ్చాయి. ఇనుప క్లబ్బు ముఖం మీద సన్నటి గాట్లుంటాయి. బంతి పడ్డచోట ఆగాలంటే ఆ గాట్లు శుభ్రంగా ఉండాలి. అమ్మ సరిగ్గా వాటిలోనే పసుపు మెత్తింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. గట్టిగా అరిచాను.

"లొల్లి జెయ్యకు బిడ్డా," అన్నాడు నాయిన. "పొద్దుగాల నేను బ్రష్షు పెట్టి కడుగుత గదా."

అని ఊరుకున్నాడా, లేదు. సజ్జ మీంచి ఆ పాత పొట్టి క్లబ్బును దించి, దుమ్ము దులిపి, దాన్నీ వరసలో పెట్టాడు. "ఇదే గదా మొదటిది. దీనికి బొట్టు పెట్టకుంటె ఎట్ల?" అన్నాడు. సైకిల్ ట్యూబు ఎండి పగుళ్ళిచ్చింది. దాన్ని చూసి ఆ మూడు రోజుల్లో మొదటిసారి నాకు నవ్వొచ్చింది. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ముగ్గురం జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకున్నాం. అమ్మ కాళ్ళకు దండం పెడితే "కార్డు తెచ్చుకో పో" అంది. ఆటల టీచరు ఉద్యోగం కోసం నా వెంటపడ్డ మనిషే ఆ మాట అనేసరికి నాకు కళ్ళు చెమర్చాయి.

బ్యాగులో క్లబ్బులు లెక్క చూసుకోవడం ప్రతి పొద్దున నా పని. పద్నాలుగుకు మించి ఉండకూడదు, అది రూలు. చివరి రోజు పొద్దున నేను బాత్రూంలో వాంతి చేసుకుంటున్నాను. నాయినే అన్నీ కడిగి, తుడిచి, బ్యాగు సర్దాడు. "అన్నీ పెట్టినవా నాయినా?" అని లోపలినుంచే అడిగాను. "అన్నీ ఉన్నయ్ బిడ్డా," అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ రోజు నాతోపాటు ఆడిన అమ్మాయిది మచ్చ బొల్లారం. కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చి అక్కడి కాలనీలో ఇల్లు కట్టుకున్న కుటుంబం. చిన్నపిల్లల పోటీల నుంచీ ఒకరికొకరం తెలుసు. తనూ గీతకు దగ్గర్లోనే ఉంది. గోల్ఫులో మన దెబ్బల లెక్క మనం రాసుకోం, పక్క మనిషి రాస్తుంది. ఆమెది నేను, నాది ఆమె. అందుకని ఇద్దరం నవ్వుతూ మాట్లాడుకుంటూనే ఒకరి దెబ్బలు ఒకరం గుడ్లప్పగించి చూసుకుంటాం.

ఒక్కో గుంతలో బంతి వేసేదాకా సాగే ఆటను హోలు అంటారు, రోజుకు పద్దెనిమిది. మొదటి మూడు హోళ్ళు గండం గడిచినట్టే గడిచాయి. ఒక చిన్న పట్ కూడా పడింది. నాలుగో హోల్లో బంతి కొట్టి, ఇనుప క్లబ్బును బ్యాగులో దింపాను. ఠంగుమంది. బ్యాగు అడుగున క్లబ్బులకు పట్టుకునే కొసలుంటాయి గానీ ఇనుప తలలుండవు. వంగి చూశాను. మిగతా వాటి మధ్య, తల కిందికి పెట్టి, సైకిల్ ట్యూబు చుట్టిన కొస కనిపించింది.

దాన్ని పైకి లాగాను.

"నాయినా, ఇదేంది?"

ఆయన నవ్వాడు. నిజంగా నవ్వాడు. "ఉండనియ్యి బిడ్డా. పూజల పెట్టినవన్నీ ఒక్కతాన్నే ఉండాలెనంట. ఒక్కదాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి పోతె మంచిగుండదన్నది మీ అమ్మ. నువ్వెట్లాగు దాంతోని కొట్టవు గదా!"

పద్నాలుగు దాటకూడదని ఆయనకు తెలుసు. కానీ ఆ పద్నాలుగు కొట్టేవాటి లెక్క అనుకున్నాడు. బ్యాగులో గొడుగుంది, తువ్వాలుంది, నీళ్ళ సీసా ఉంది, వాటినెవరూ లెక్కపెట్టరు గదా. కొట్టని క్లబ్బు కూడా అంతే అనుకున్నాడు. రూలు అలా లేదు. బ్యాగులో ఉంటే చాలు, ముట్టుకోకపోయినా తప్పే. తప్పున్న హోలుకు రెండు దెబ్బల చొప్పున, గరిష్ఠంగా నాలుగు దెబ్బలు నా లెక్కలో కలుపుతారు. నాకున్న వెసులుబాటు ఐదు. అందులో నాలుగు పోతే?

ఆ సంగతి చెప్పాను. నాయిన మొహంలో నెత్తురు చుక్క లేదు. చుట్టూ చూశాడు. ఆ అమ్మాయి అవతలి వైపు తన బంతి దగ్గరుంది.

"ఎవ్వరు చూడలే బిడ్డా," అన్నాడు గుసగుసగా. "గా తుప్పలల్ల ఏసొస్త. జల్దీ, ఇటియ్యి."

నేను చెయ్యెత్తి రెఫరీని పిలిచాను. నా నిజాయితీ చూసి ఎవరూ మురిసిపోనక్కర్లేదు. అది భయంతో చేసిన పని. ఉన్న భయాలకే నా తలలో చోటు లేదు. తుప్పల్లో ఒక క్లబ్బును దాచుకుని, ఎవరైనా చూశారా, ఎవరికైనా దొరుకుతుందా అనుకుంటూ మిగతా హోళ్ళన్నీ ఆడటం నా వల్ల అయ్యే పని కాదు. అలా ఆడితే మూడడుగులు కాదు, అడుగు దూరంలో పట్ కూడా తప్పేదాన్ని.

"ఏమైందే? ఎందుకు పిలుస్తున్నావ్?" అంటూ ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. చెప్పాను. "అయ్యో రామా! అంకుల్ పెట్టారా? ఇప్పుడెలాగే?" అంది. ఆమె బాధపడింది, అందులో సందేహం లేదు. బాధపడుతూనే ఆమె కళ్ళు ఒక్క క్షణం పైకి తేలి, నా నాలుగు దెబ్బలతో తన స్థానం ఎక్కడికి మారుతుందో లెక్క వేసుకున్నాయి. ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని.

రెఫరీ చిన్న బండిలో వచ్చాడు. పెద్దాయన, మెల్లగా మాట్లాడే మనిషి. అంతా విన్నాడు. క్లబ్బు ముఖం మీద ఇంకా అంటుకునున్న కుంకుమ చూశాడు. నాయిన వంక చూశాడు. "మొదటి రెండు హోళ్ళకు రెండేసి కలపాలమ్మా. నాలుగు," అన్నాడు. ఆ క్లబ్బును తన బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మవారి దీవెన మాకు నాలుగు దెబ్బలకు వచ్చింది.

తర్వాతి హోలు ఎలా ఆడానో ఇప్పటికీ సరిగా గుర్తులేదు. కోపం అమ్మ మీదా, నాయిన మీదా, పొద్దున వాంతి చేసుకున్న నా మీదా అన్నది తేలలేదు. బంతి ఇసుకలోకి పోయింది, ఒక దెబ్బ ఎక్కువైంది. ఐదులో చివరిది కూడా అయిపోయింది. ఇక నేను సరిగ్గా గీత మీద ఉన్నాను. ఇంకొక్క దెబ్బ జారితే స్కూలే. క్లబ్బు కోసం పక్కకు చెయ్యి చాపాను. చేతికేమీ అందలేదు. బ్యాగు నా పక్కన నిలబెట్టి ఉంది, నాయిన దూరంగా చెట్టుకింద ఉన్నాడు.

వెళ్ళాను. "ఏంది నాయినా, గక్కడ నిలబడ్డవ్?"

"నేను ముట్టుకుంటె పాడైతాంది బిడ్డా. ఇంకెవర్నన్న పిలుసుకో." కళ్ళనిండా నీళ్ళు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవర్ని పిలవాలె ఇప్పుడు? నువ్వు ఏడుసుకుంట కూసుంటె నేనెట్ల ఆడాలె? ఇంటికి పోయినంక ఇద్దరం కూసొని ఏడుద్దాం. గాలి ఎటుంది, అది చెప్పు ముందు."

ఆయన ముక్కు తుడుచుకుని, నాలుగు గడ్డి పోచలు తెంపి గాల్లోకి వదిలాడు. "చెరువు దిక్కు నుంచి వస్తాంది."

"ఎంత?"

"మస్తుంది."

"మస్తు అంటె నేనేం జేసుకోవాలె? ఒక క్లబ్బు పెద్దది తియ్యాల్నా, రెండా?"

చెట్ల కొమ్మల వైపు చూసి "ఒకటి," అన్నాడు. వచ్చి బ్యాగు భుజానికెత్తుకున్నాడు. ఆ ఒక్క మాటతో బంతి గ్రీన్ మీద, గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డి మీద, ఆగింది.

అక్కడినుంచి ఆటంతా చావు తప్పి కన్ను లొట్టపోయినట్టే సాగింది. ఒకచోట దెబ్బ మిగిలితే ఇంకోచోట పోయేది. ఒక చిన్న పట్ దగ్గర నిలబడి ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే తుప్పల్లోంచి నెమలి గొంతు చించుకుని అరిచింది. చెయ్యి ఉలిక్కిపడింది, బంతి తప్పింది. ఆ నెమలిని పట్టుకుని పీక నులమాలనిపించింది. తర్వాతి హోలుకు నడుస్తూ నాయిన బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. ఆ రోజు నా కడుపులో నిలిచింది అదొక్కటే.

చివరి హోలుకు వచ్చేసరికి నా లెక్క ప్రకారం అక్కడ ఒక్క దెబ్బ కూడా ఎక్కువ కాకూడదు. కానీ నా లెక్కను నమ్మేదెట్లా? గీత ఒకచోట ఉండదు. ఇంకా ఆడుతున్నవాళ్ళ దెబ్బలను బట్టి పైకీ కిందికీ పోతుంటుంది. నీళ్ళు దాటించాను, గ్రీన్ ఎక్కించాను, పొడుగు పట్ తోశాను. బంతి గుంత వైపు దొర్లుకుంటూ వచ్చి, దేవుడి సాక్షిగా, మూడడుగుల దూరంలో ఆగింది.

బంతి దగ్గర నిలబడ్డాను. స్కూల్లో మెడలో ఈలతో, ఎండలో పిల్లలను వరసగా నిలబెడుతూ నేనే కనిపించాను. వెనక్కి జరిగాను. మళ్ళీ నిలబడ్డాను. కుడి చెయ్యి అప్పుడే మొదలుపెట్టింది. ఊపిరి లెక్క మరిచిపోయాను. పడేది లేనిది తర్వాత, ముందు ఈ నిలబడటం అయిపోతే చాలనిపించి తోసేశాను. మణికట్టు ఉలిక్కిపడింది. బంతి ఎడమ అంచుకు తగిలి, గుంత చుట్టూ సగం తిరిగి, ఇష్టం లేనట్టుగా లోపల పడింది.

లెక్క సరిచూసుకుని సంతకం చేశాను. ఆ నాలుగు దెబ్బలూ కలిపారో లేదో నాలుగైదుసార్లు చూసుకున్నాను. ఆ అమ్మాయి మంచి ఆట ఆడింది, తనకు కార్డు ఖాయం. నన్ను గట్టిగా కౌగిలించుకుంది. నేను సరిగ్గా గీత కింద, ముప్పై ఒకటో స్థానంలో ఉన్నాను. నా తర్వాత బయల్దేరినవాళ్ళు ఇంకా ఆడుతున్నారు. వాళ్ళలో ఒక్కరు జారితే నేను పైకొస్తాను. లేకపోతే లేదు.

పొద్దుటినుంచి తిట్టుకున్న చెరువు గాలిని అప్పుడు బతిమాలుకున్నాను. ఇంకొంచెం గట్టిగా వీచమన్నాను. నాకు ఏ అపకారమూ చెయ్యని, ముఖం కూడా సరిగా ఎరగని ఎవరో పిల్ల బంతి నీళ్ళలో పడాలని చేతులు జోడించి మొక్కాను. సిగ్గనిపించింది. అయినా మొక్కడం మానలేదు.

బోర్డు మీద చివరి పేర్లు ఎక్కేసరికి నేను ముప్పయ్యో దాన్ని. ఎవరో వీపు తట్టారు, ఎవరో ఫోటో తీశారు. నాయిన ఎక్కడా లేడు. వెతుక్కుంటూ పోతే, రోజూ తను పనిచేసే షెడ్డులో, గడ్డి కోసే యంత్రం సీటు మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. నేను వెక్కివెక్కి ఏడుస్తున్నాను. అంత ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో, మాట పెగల్లేదు.

ఆయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. నా నాయిన, నాకు. "నన్ను మాఫ్ జెయ్యి బిడ్డా. నీ బతుకు నేనే ఖరాబు జేసిన. ఆ పాడు కట్టె ఎందుకు పెట్టిన్నో..."

తల అడ్డంగా ఊపాను. ఆయనకది ఇంకోలా అర్థమైంది. ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఆ చేతులు పట్టుకుని కిందికి లాగి "వచ్చింది నాయినా," అన్నాను.

"నా మనసు కోసం చెప్తున్నవ్."

"వచ్చింది. ముప్పయ్యోది నేనే. ఒట్టు."

నమ్మలేదు. షెడ్డులోంచి పరుగులాంటి నడకతో బోర్డు దగ్గరికి పోయాడు. షెడ్డులో అంటిన గ్రీజు చేతులతోనే రెఫరీ పెద్దాయనను పట్టుకుని "సార్, మా బిడ్డ పేరున్నదా సార్? గీ నాలుగు కలిపినంక గూడ ఉన్నదా?" అని అడిగాడు. పెద్దాయన పేరు మీద వేలు పెట్టి చూపించాడు. నాయిన అక్కడే గడ్డిలో కూలబడి, ఏడుస్తూ నవ్వాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఇగ ఏడాదంత నిమ్మలం గదా బిడ్డా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మళ్ళ ఆటెప్పుడు?"

"వచ్చే వారమే నాయినా. నువ్వే రావాలె."

ఆయన నవ్వు ఆగిపోయింది. "గంత జల్దీనా?" అన్నాడు. కార్డు వచ్చిన రోజు మేమిద్దరం అలా ఆ గడ్డిలో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, భయపడుతూ కూర్చున్నాం.